గదిలోని మ్రోతను మ్రింగే పలకలు

సీతంపేట చుట్టూ తూర్పు కనుమల కొండలు ఉన్నవి. నిటారుగా లేచిన ఒక కొండవాలుకు 172 మీటర్ల దూరములో నిలిచి గట్టిగా కేక వేస్తే, ఒక సెకండు తరువాత ఆ కేక తిరిగి వినిపిస్తుంది. గాలిలో శబ్దము సెకండుకు సుమారు 344 మీటర్లు ప్రయాణిస్తుంది. పోవడానికి 172 మీటర్లు, రావడానికి 172 మీటర్లు కనుక లెక్క సరిపోతుంది. దీనినే ప్రతిధ్వని అంటారు. మొదటి శబ్దానికీ తిరిగివచ్చిన శబ్దానికీ మధ్య కనీసము సెకండులో పదవ వంతు వ్యవధి ఉంటేనే చెవి ఆ రెండింటినీ వేరువేరుగా గుర్తించగలుగుతుంది. అందుచేత ప్రతిధ్వని వినిపించాలంటే అడ్డు కనీసము 17.2 మీటర్ల దూరములో ఉండవలెనని విద్యార్థులు పాఠ్యపుస్తకాలలో చదువుకొంటారు.

ఇక 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిని తీసుకొందాము. సిమెంటు గోడలు, పైన కప్పు, సామానేమీ లేదు. అందులో చప్పట్లు కొడితే ఖంగుమని మ్రోగుతుంది. ఈ మ్రోతను అందరూ ప్రతిధ్వని అనే అంటారు. కాని ఆ గదిలో ఏ గోడా 17.2 మీటర్ల దూరములో లేదు! 3 మీటర్ల దూరములోని గోడను తాకి శబ్దము తిరిగి రావడానికి సెకండులో యాభైయవ వంతు కాలము కూడా పట్టదు. అలా వచ్చినది మరొక గోడను తాకుతుంది, అక్కడినుండి కప్పును, కప్పునుండి నేలను తాకుతుంది. ఈ కొలతలు గల గదిలో శబ్దము ఒక్క సెకండులో 150 సార్లకు పైగా పరావర్తనము చెందుతుంది. ఈ పరావర్తనములన్నీ ఒకదానిపై ఒకటి పడి, విడివిడిగా వినబడక, ఒకే మ్రోతగా సాగి క్రమముగా అణగిపోతవి. దీని పేరు ప్రతినాదము. కొండ వద్ద వినిపించేది ప్రతిధ్వని. గదిలో వినిపించేది ప్రతినాదము. గోడలకు అంటించే ఫోము పలకల పని ఈ రెండవ దానితోనే.

మైకు ముందు మాట

మంచి మైకు, ఒక సెల్‌ఫోను లేక కంప్యూటరు ఉంటే నేడు ఇంటిలోనే పాటను, పాఠమును రికార్డు చేయవచ్చును. అయితే గదిలో కూర్చుని వింటే స్పష్టముగానే ఉన్న గొంతు, రికార్డులో వింటే నూతిలోనుండి వచ్చినట్లు ఉంటుంది. దీనికి కారణము మైకులోని లోపము కాదు. మనిషికి రెండు చెవులున్నవి. ఆ రెండింటికీ చేరే శబ్దములలోని స్వల్ప భేదములను బట్టి మెదడు ఎదుటి మనిషి గొంతును పట్టుకొని, గోడలనుండి వచ్చే మ్రోతను చాలవరకు పక్కకు నెట్టివేస్తుంది. ఒక్క మైకుకు ఆ విచక్షణ లేదు. దానికి గొంతూ ఒకటే, గోడా ఒకటే.

సీతంపేట వంటి చోట ఈ సంగతికి మరింత ప్రాముఖ్యము ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని ఈ మండలములో సవరలు, జాతాపులు నివసిస్తున్నారు. సవర భాష ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి బంధుత్వము లేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలములో సవరల నోట విని ఆ భాషను నేర్చుకొన్నారు. ఆయన రచించిన సవర భాషా బోధిని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. సవర మాటలలో కంఠబిలము క్షణకాలము మూసుకొనుటచే పుట్టే ఒక విరామము ఉన్నది. పదాంతములో కొన్ని హల్లులు కూడా పూర్తిగా పేలక, గొంతులోనే ఆగినట్లు పలుకుతవి. ఇవి చాలా చిన్న శబ్దములు. కొన్ని శబ్దములు కావు, శబ్దము లేకపోవుటయే. మ్రోగే గదిలో మొదట చెడిపోయేవి ఇవే. ఒక ముసలి సవర పాటగాని గొంతును అట్టి గదిలో రికార్డు చేస్తే రాగము మిగలవచ్చును గాని, ఆ పలుకుబడిని తరువాతి తరము వారు ఆ రికార్డునుండి నేర్చుకొనలేరు.

పూర్వపు పూరిండ్లలో ఈ చిక్కు అంతగా లేదు. గడ్డికప్పులోని వేలకొలది సందులు శబ్దమును మ్రింగివేస్తవి. ఆరుబయట పాడితే తిరిగి రావడానికి గోడలే లేవు. సిమెంటు గోడలు, కాంక్రీటు కప్పు వచ్చిన తరువాతనే ఇంటిలో మ్రోత వచ్చినది.

సాబిన్ లెక్క

ఈ మ్రోతను తొలిసారి లెక్కకు లొంగదీసినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రాచార్యుడు వాలెస్ క్లెమెంట్ సాబిన్. 1895లో ఆ విశ్వవిద్యాలయములో కొత్తగా కట్టిన ఫాగ్ కళాప్రదర్శనశాల ఉపన్యాస మందిరములో ఉపన్యాసకుని మాట ఒక్కటీ అర్థము కాకపోయెను. ఖాళీ మందిరములో శబ్దము ఆగిన తరువాత మ్రోత 5½ సెకండ్లకు పైగా వినిపించేది. సాబిన్ అప్పటికి 27 ఏండ్ల యువకుడు. దగ్గరలోని శాండర్సు నాటకశాలనుండి కుర్చీల మెత్తలను రాత్రివేళ తెప్పించి, కొన్ని కొన్ని చొప్పున మందిరములో పరచి, ఆర్గాను గొట్టమును మ్రోగించి, మ్రోత ఎంతసేపటికి అణగుతున్నదో కొలిచేవాడు. తన ఒంటిమీది బట్టలు కూడా శబ్దమును పీల్చుకొంటున్నవని గమనించి, ప్రయోగములన్నింటికీ ఒకే రకము దుస్తులు ధరించసాగెను. ఆ పరిశ్రమ ఫలితమే నేటికీ వాడుకలో ఉన్న సూత్రము:

ప్రతినాద కాలము (సెకండ్లు) = 0.161 × గది ఘనపరిమాణము (ఘనపు మీటర్లు) ÷ మొత్తము శోషణము (చదరపు మీటర్లు)

శబ్దము ఆగిన తరువాత దాని తీవ్రత పదిలక్షల వంతుకు, అనగా 60 డెసిబెల్‌లు, తగ్గడానికి పట్టే కాలమే ప్రతినాద కాలము. శోషణమును కొలవడానికి సాబిన్ తెరచిన కిటికీని ప్రమాణముగా తీసుకొన్నాడు. తెరచిన కిటికీలోనుండి పోయిన శబ్దము తిరిగి రాదు కనుక దాని శోషణ గుణకము 1. సున్నము పూసిన సిమెంటు గోడ గుణకము సుమారు 0.03. అనగా తాకిన శబ్దములో నూటికి మూడు వంతులు మాత్రమే పోయి, 97 వంతులు తిరిగి గదిలోకే వస్తవి.

ఇప్పుడు ముందు చెప్పిన గదిని లెక్కించవచ్చును. ఘనపరిమాణము 36 ఘనపు మీటర్లు. నేల 12, కప్పు 12, నాలుగు గోడలు 42, మొత్తము 66 చదరపు మీటర్లు. 66ను 0.03 చేత గుణిస్తే శోషణము 2 చదరపు మీటర్లకు కొంచెము తక్కువ. అనగా గది అంతా కలిసి చేసే పని రెండు చదరపు మీటర్ల కిటికీ చేసే పనికి మించదు! సూత్రము ప్రకారము ప్రతినాద కాలము 2.9 సెకండ్లు.

గోడలమీద 12 చదరపు మీటర్ల మేర ఫోము పలకలు అమర్చినట్లు, వాటి గుణకము 0.7 అయినట్లు అనుకొందాము. శోషణము 10 చదరపు మీటర్లు అవుతుంది; ప్రతినాద కాలము 0.58 సెకండుకు దిగుతుంది. మరి 8 చదరపు మీటర్లు చేర్చి మొత్తము 20 చేస్తే 0.38 సెకండు అవుతుంది. మాటను రికార్డు చేయడానికి ఇది చాలు. ఇక్కడ ఒక విశేషము గమనించదగినది. మొదటి 12 చదరపు మీటర్లు రెండు సెకండ్లకు పైగా తగ్గించినవి; తరువాతి 8 చదరపు మీటర్లు సెకండులో ఐదవ వంతు మాత్రమే తగ్గించినవి. కనుక గది నాలుగు వైపులా సందు లేకుండా ఫోము కప్పవలసిన పని లేదు. చిన్న గదులలో ఈ సూత్రము అంచనాగా మాత్రమే పనిచేస్తుంది గాని, దారి చూపడానికి అది చాలును.

ఈ అంకెలకు అర్థమేమో ఒక్క అక్షరముతో తేలిపోతుంది. సాధారణముగా మాట్లాడేటప్పుడు సెకండుకు అయిదు అక్షరములు పలుకుతారనుకొంటే, ఒక్కొక్కదానికి 0.2 సెకండు పడుతుంది. ప్రతినాద కాలము 2.9 సెకండ్లు ఉన్న గదిలో ఆ 0.2 సెకండులో అచ్చు మ్రోత 4 డెసిబెల్‌లు మాత్రమే తగ్గుతుంది. అనగా తరువాతి అక్షరము వచ్చే సమయానికి ముందు అక్షరపు శక్తిలో అయిదింట రెండు వంతులు గదిలో తిరుగుతూనే ఉంటుంది. గొంతులో ఆగే సవర హల్లు దాని క్రింద మునిగిపోతుంది. కాలము 0.38 సెకండు అయిన గదిలో అదే వ్యవధిలో మ్రోత 30 డెసిబెల్‌లకు పైగా, అనగా వెయ్యవ వంతుకన్న తక్కువకు పడిపోతుంది. అప్పుడు విరామము విరామముగానే వినబడుతుంది.

ఫోము ఏమి చేస్తుంది?

ఫోము పలక సాధారణముగా పాలియురెథేను అనే పదార్థముతో చేయబడుతుంది. దానిలో సన్నని రంధ్రములు ఒకదానితో ఒకటి కలిసి ఉంటవి. శబ్దమంటే గాలి కణముల ముందు వెనుకల ఊగులాట. ఆ ఊగే గాలి ఇరుకు రంధ్రములలో దూరి, వాటి గోడలతో రాచుకొని, తన శక్తిని ఉష్ణముగా పోగొట్టుకొంటుంది. అయితే పలక వేడెక్కదు. మామూలు సంభాషణలో పుట్టే ధ్వనిశక్తి వాట్టులో లక్షవ వంతు ప్రాంతములో ఉంటుంది. ఆ వేడిని ఏ ఉష్ణమాపకమూ చూపలేదు.

రంధ్రములు ఉంటే చాలదు, అవి కలిసి ఉండవలెను. పలకను నోటికి ఆనించి ఊదితే గాలి అవతలకు రావలెను. థర్మోకోలులో అరలన్నీ మూసుకొని ఉంటవి, గాలి దూరదు. కనుక అది తేలికగా, మెత్తగా కనిపించినా శబ్దమును పీల్చదు. కోడిగుడ్ల అట్టలను గోడకు అంటించే అలవాటు కూడా ఉన్నది. ఆ అట్ట పలుచన. దాని వలన లాభము స్వల్పము. ఫోము పలకలమీద కనిపించే గుడ్ల అట్టవంటి గుంతలు చూసి ఈ భ్రమ పుట్టినది. పని చేసేది ఆ ఆకారము కాదు, దాని వెనుకనున్న మందము.

మందము ఎందుకు కావలెను? గోడను ఆనుకొని ఉన్న గాలి ఊగలేదు, ఎందుకంటే గోడ అడ్డు. గోడనుండి తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు దూరములో గాలి అన్నిటికన్న ఎక్కువగా ఊగుతుంది. ఫోము అక్కడ ఉంటేనే రాపిడి ఎక్కువ. సెకండుకు 4000 కంపనములు గల శబ్దమునకు ఆ దూరము సుమారు 2 సెంటీమీటర్లు. 1000 కంపనములకు 8.6 సెంటీమీటర్లు, 125 కంపనములకు 69 సెంటీమీటర్లు! ఒక అంగుళము మందము గల పలక 'స', 'శ' వంటి అక్షరముల పదును శబ్దములను మ్రింగుతుంది గాని మద్దెల గుముకును, మగవాని మంద్రస్వరమును తాకలేదు. అట్టి గదిలో రికార్డు చేసిన గొంతు మొద్దుబారి ఉంటుంది. అందుచేత పలుచని పలకలు ఎక్కువ కొనుటకన్న దళసరివి తక్కువ కొనుట మేలు. 5 సెంటీమీటర్ల పలకను గోడకు నేరుగా అంటించక, చట్రము కట్టి 5 సెంటీమీటర్లు ఎడముగా నిలిపితే, ఖర్చు పెరగకుండానే అది మరింత మంద్రమైన శబ్దములను కూడా పట్టుకొంటుంది.

ఎక్కడ అమర్చవలెను?

దీనికి ఒక అద్దము చాలు. మైకు ఉండే చోట ఒకరు కూర్చోవలెను. పాడేవారు తమ స్థానములో ఉండవలెను. మూడవ మనిషి అద్దమును గోడవెంట జరుపుతూ పోవలెను. మైకు వద్దనున్న వారికి పాడేవారి ముఖము అద్దములో ఎక్కడ కనిపిస్తే, శబ్దము ఒకే పరావర్తనముతో మైకును చేరేది అక్కడినుండే. పతనకోణము, పరావర్తనకోణము సమానమన్న నియమము కాంతికీ శబ్దానికీ ఒకటే కదా! మొదటి పలకలు అక్కడ ఉండవలెను. పాడేవారి వెనుక గోడ తరువాతది. మైకు ముఖము అటే ఉంటుంది. పిమ్మట తలపైన కప్పు.

మైకును దగ్గరకు తెచ్చుకొనుట ఖర్చులేని ఉపాయము. 60 సెంటీమీటర్లనుండి 15 సెంటీమీటర్లకు జరిపితే నేరుగా వచ్చే గొంతు తీవ్రత 16 రెట్లు పెరుగుతుంది. గది మ్రోత మాత్రము పెరగదు. పలకలు కొనకముందు ఇది చేసి చూడవలెను.

ఫోమే కావలెనన్న నియమమూ లేదు. సాబిన్ వాడినవి కుర్చీ మెత్తలు. బూరుగుదూది పరుపు, బొంత, గొంగళి, ముతక దుప్పటి అన్నీ గాలి చొరబడే వస్తువులే. రెండు మూడు గొంగళ్లను మడతలుగా, గోడకు 10 సెంటీమీటర్ల ఎడముగా తాడుపై వ్రేలాడదీస్తే పలుచని ఫోముకన్న బాగా పనిచేయవచ్చును. రికార్డింగు అయిన తరువాత తీసి కప్పుకొనవచ్చును కూడా.

చేయలేని పని, చేయదగని పని

ఫోము పలకలు బయటి శబ్దమును ఆపుతవని చాలామంది నమ్ముతారు. ఇది పొరపాటు. శబ్దము గోడను దాటకుండా ఆపేది బరువు. తొమ్మిది అంగుళముల ఇటుక గోడ చదరపు మీటరుకు 400 కిలోగ్రాముల ప్రాంతములో తూగుతుంది. 5 సెంటీమీటర్ల ఫోము ఒకటి రెండు కిలోగ్రాములు తూగుతుంది. రేకుల కప్పుపై వాన చప్పుడు, రోడ్డుమీద జీపు హోరు, ఇరుగుపొరుగు మాటలు ఫోమును లక్ష్యపెట్టక లోపలికి వస్తవి. వాటికి విరుగుడు దళసరి తలుపు, సందులు లేని కిటికీ, తెల్లవారుజాము వేళ.

ఇంతకన్న ముఖ్యమైనది నిప్పు. పాలియురెథేను ఫోము త్వరగా అంటుకొని, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజను సయనైడు వంటి విషవాయువులు గల నల్లని పొగను విడుస్తుంది. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రములో, వెస్ట్ వార్విక్ పట్టణపు ఒక సంగీతశాలలో వేదికపై వెలిగించిన బాణసంచా రవ్వలు గోడలకున్న ఫోముకు తగిలినవి. నిమిషములలోనే భవనమంతా మంటలలో చిక్కి 100 మంది మరణించారు. మ్రోతను తగ్గించడానికి అంటించిన వస్తువే మృత్యుకారణమైనది. కాబట్టి వంటయింటిని ఆనుకొన్న గదిలో, పొయ్యి, దీపము, అగరువత్తి వెలిగించే చోట ఫోము ఉండరాదు. బల్బులకు, విద్యుత్తు తీగల అతుకులకు దూరముగా ఉండవలెను. తలుపు లోపలి వైపు కప్పివేయరాదు. త్వరగా అంటుకొనని రకపు పలకలు, గాజు ఉన్ని పలకలు కూడా దొరుకుతవి. ధర కొంచెము ఎక్కువైనా అవే కొనదగినవి. గాజు ఉన్నిని గుడ్డతో కప్పి వాడవలెను. దూది, గుడ్డ కూడా కాలేవే కనుక పరుపుల విషయములోను ఈ జాగ్రత్తలు వర్తిస్తవి.

తరగతి గదిలో ఒక ప్రయోగము

ఈ పాఠమును బడిలోనే పరీక్షించవచ్చును. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు గల తరగతి గదిని తీసుకొనవలెను. తలుపులు, కిటికీలు మూసి, ఖాళీ గదిలో ఒక బుడగను పగులగొట్టి ఆ శబ్దమును సెల్‌ఫోనులో రికార్డు చేయవలెను. తరువాత 40 మంది విద్యార్థులను నిశ్శబ్దముగా కూర్చుండబెట్టి అదే చోట మరొక బుడగను పగులగొట్టవలెను. ఒక్కొక్క విద్యార్థి, తన బట్టలతో సహా, సుమారు 0.4 చదరపు మీటరు తెరచిన కిటికీకి సమానము. సాబిన్ సూత్రము ప్రకారము ఖాళీ గదికి సుమారు 4.7 సెకండ్లు, నిండు గదికి సుమారు 1.2 సెకండ్లు వస్తవి. బల్లలు, తలుపుల సందులు కూడా శబ్దమును పీల్చుకొంటవి కనుక కొలతలు లెక్కకన్న తక్కువగా ఉండవచ్చును. ఆ తేడాకు కారణములు వెదకుటయే మంచి అభ్యాసము. ఆఖరు బల్లపై కూర్చున్న విద్యార్థికి పాఠము ఎందుకు వినబడదో ఈ ప్రయోగము కొంతవరకు చెబుతుంది.

ప్రతినాదము ఎప్పుడూ చెడ్డదని అనుకొనరాదు. అది బొత్తిగా లేని గదిలో పాట పేలవముగా ఉంటుంది. సాబిన్ లెక్క ప్రకారము నిర్మించి 1900 అక్టోబరు 15న తెరచిన బోస్టను సింఫనీ హాలులో తగినంత మ్రోతను కావాలనే ఉంచినారు. నేటికీ ప్రపంచములోని ఉత్తమ సంగీతశాలలలో అది ఒకటి. ఎంత మ్రోత ఉండవలెనన్నది ఏమి వినవలెనన్న దానిని బట్టి ఉంటుంది. రికార్డులో మ్రోత తక్కువైతే తరువాత యంత్రముతో చేర్చవచ్చును. ఎక్కువైతే దానిని పూర్తిగా విడదీసి గొంతును మునుపటివలె తేవడము సాధ్యము కాదు. అందుచేత ఒక భాషను, ఒక పాటను భద్రపరచదలచినవారు మైకు ధరకన్న ముందు గోడల సంగతి చూడవలెను. ఒకసారి చప్పట్లు కొట్టి వింటే గది తన సంగతి తానే చెబుతుంది.